ఒకే కాయిల్, రెండు గడువులు

లెస్టర్

చిరంజీవి సింధుకి,



నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గర్భసంచిలో వేసిన కాయిల్ మార్పించుకోవడానికి వచ్చే నెలలో తేదీ దొరికిందనీ, తోడుగా నువ్వు వెళ్తానన్నావనీ చెప్పింది. "అది అడిగే ప్రశ్నలకి నేను జవాబు చెప్పలేనక్కా, నోరు రాదు. అన్నేళ్లు నర్సు పని చేశావు, నువ్వే దానికి వివరంగా రాసి పెట్టు" అంది. ఫోన్లో చెబితే మీ అమ్మ పక్కనుంచి "చాల్లే ఇంక" అంటుంది, నేను సగంలో ఆగిపోతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నీకు ఇరవై మూడేళ్లు. ఈ వయసులో ఇదంతా తెలుసుకోవడం తొందరేమీ కాదు.

మీ అమ్మకి యాభై. కాయిల్ ఉండటం వల్ల తనకి ముట్టు కనబడటం లేదు. కాబట్టి నెలసరి ఉడిగిపోయిందో, లోపల ఇంకా సాగుతోందో బయటికి తెలియదు. అండాశయాలు ఒక నెల ఈస్ట్రోజన్ ఎక్కువ చేసి, మరో నెల బాగా తగ్గించేసే ఈ ఒడిదుడుకుల కాలాన్నే పెరిమెనోపాజ్ అంటున్నారు. ఒంట్లోంచి ఆవిర్లు, అర్ధరాత్రి దుప్పటి తడిసేంత చెమట, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, మాట్లాడుతూ మాట్లాడుతూ పేర్లు మర్చిపోవడం, ఊరికే కళ్లనీళ్లు. రెండేళ్ల కిందట నువ్వు యూనివర్సిటీ నుంచి ఇంటికొచ్చి, "అమ్మ ఎందుకిలా అయిపోయింది పెద్దమ్మా" అని నాకు మెసేజ్ పెట్టావు. ఎందుకంటే ఇందుకే. బ్రిటన్‌లో ముట్లుడిగే సగటు వయసు 51. మన దేశంలో అంతకన్నా నాలుగైదేళ్లు ముందే వస్తుంది. ఇక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్గదర్శకాల ప్రకారం నలభై అయిదు దాటిన మనిషికి దీన్ని గుర్తించడానికి రక్తపరీక్ష అక్కర్లేదు, లక్షణాలు చెబితే చాలు. ఆ చెప్పడమే మన ఇళ్లలో జరగదు. మీ అమ్మ ఏడాదిపాటు థైరాయిడ్ అనుకుంటూ, ఆఫీసు ఒత్తిడి అనుకుంటూ నెట్టుకొచ్చింది. చివరికి జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర నోరు విప్పితే ఈస్ట్రోజన్ ప్యాచ్ రాశారు. నెలన్నరకి మనిషి మనిషైంది.

నువ్వు అర్థం చేసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. ప్యాచ్‌లో ఉండేది ఈస్ట్రోజన్ ఒక్కటే. గర్భసంచి ఉన్న మనిషికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. పొలానికి ఎరువెలాగో గర్భసంచి లోపలి పొరకి ఈస్ట్రోజన్ అలాగ: వేస్తున్న కొద్దీ పెరుగుతూ పోతుంది. అదుపు చేసేది ప్రొజెస్టిరాన్ జాతి హార్మోను. అది లేకుండా ఏళ్ల తరబడి పెరగనిస్తే ఆ పొర క్యాన్సర్ వైపు తిరగవచ్చు. ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. అమెరికాలో ఒకప్పుడు లక్షల మంది ఆడవాళ్లకి ఈస్ట్రోజన్ మాత్రలు ఒంటరిగానే ఇచ్చారు. 1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెంట వెంట వచ్చిన పరిశోధనలు వాళ్లలో గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని చూపించాయి. అప్పట్నుంచే గర్భసంచి ఉన్నవాళ్లకి రెండో హార్మోను తోడు తప్పనిసరైంది.

మీ అమ్మకి ఆ రెండో హార్మోను కాయిల్ నుంచి వస్తోంది. ఆంగ్ల అక్షరం 'టి' ఆకారంలో ఉండే 32 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, దాని కాండం చుట్టూ 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్. మొదట్లో రోజుకి దాదాపు 20 మైక్రోగ్రాముల చొప్పున వదులుతుంది, అయిదేళ్లు తిరిగేసరికి అది సుమారు సగానికి పడిపోతుంది. పనంతా గర్భసంచి లోపలే కాబట్టి రక్తంలోకి చేరేది కొంచెమే. ఫిన్లండ్‌కి చెందిన టపానీ లూకైనెన్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి శ్రమించి తయారుచేస్తే, 1990లో మొదట ఆ దేశంలోనే వాడకంలోకి వచ్చింది. బ్రిటన్‌కి 1995లో చేరింది. అప్పటికి నేను క్లినిక్‌లో పనిలో ఉన్నాను. నెలకి పది రోజులు రక్తం పోయి, ముఖం పాలిపోయి వచ్చే ఆడవాళ్లు దీని తర్వాత తేరుకుని రావడం కళ్లారా చూశాను. ఈ వస్తువంటే నాకు గౌరవం, సింధూ. అది దాచుకోను.

ఇక గడువు సంగతి. మీ ఇంట్లో గందరగోళమంతా దీని గురించేనట. మీ అమ్మకి ఈ కాయిల్ వేసింది నలభై నాలుగో ఏట, అధిక రక్తస్రావానికి. అప్పటికి హెచ్ఆర్‌టీ (ప్యాచ్ లాంటి హార్మోన్ చికిత్స) మాటే లేదు. ఇప్పుడు ఆరేళ్లయింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "ఇది ఎనిమిదేళ్లు పనిచేస్తుందండీ, తొందరేమీ లేదు" అందట. మీ అమ్మ స్నేహితురాలేమో "నాకు యాభై అయిదొచ్చేదాకా తీయక్కర్లేదన్నారు" అందట. జీపీ మాత్రం "అయిదేళ్లు దాటింది, మార్చాల్సిందే" అన్నారు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. గర్భం రాకుండా ఉండటానికైతే 52 మిల్లీగ్రాముల కాయిల్‌కి ఇప్పుడు ఎనిమిదేళ్ల గడువు. నలభై అయిదు నిండాక వేయించుకున్నవాళ్లు గర్భనిరోధం కోసమే అయితే యాభై అయిదు దాకా ఉంచుకోవచ్చు. మీ అమ్మ స్నేహితురాలు నలభై ఆరులో వేయించుకుంది, హెచ్ఆర్‌టీ వాడటం లేదు. ఆవిడ లెక్క ఆవిడకి సరిపోతుంది. కానీ ఈస్ట్రోజన్‌కి తోడుగా గర్భసంచి పొరని కాపాడే పని మీద ఉన్న కాయిల్‌ని ఏ వయసులో వేసినా అయిదేళ్లకి మార్చాలి. మిరెనా అనే కాయిల్ కంపెనీ కాగితం మీద ఆ పనికి నాలుగేళ్లే రాసి ఉంటుంది. ఇక్కడి గర్భనిరోధక వైద్య నిపుణుల సంస్థ ఎఫ్‌ఎస్‌ఆర్‌హెచ్ ఆధారాలు పరిశీలించి అయిదు దాకా సమ్మతించింది. అయిదు దాటాక పొరకి కాపుదల చాలుతుందని ధీమాగా చెప్పే ఆధారం లేదు.

కాబట్టి ఎవరైనా "మీ కాయిల్‌కి ఇంకా టైముంది" అంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ పనికి? ప్యాచ్ మొదలుపెట్టిన రోజున మీ అమ్మ కాయిల్‌కి పని మారింది, గడువూ మారింది. ఆ సంగతి కాయిల్ వేసినప్పుడు ఆవిడకి ఇచ్చిన పాత కార్డు మీద ఎవరూ రాయలేదు. నా అనుభవంలో ఇలాంటివాళ్లని చాలామందిని చూశాను. అందుకే ఇంత సాగదీసి రాస్తున్నాను.

ఈలోపు భయపడక్కర్లేదు. జీపీ రాత్రిపూట వేసుకోమని యూట్రోజెస్టాన్ అనే ప్రొజెస్టిరాన్ కాప్సూల్ ఇచ్చారుగా, కొత్త కాయిల్ పడేదాకా లోటు పూడ్చడానికే అది. కొంచెం మత్తుగా ఉంటుంది, అందుకే పడుకోబోయే ముందు వేసుకోవాలి. ప్యాచ్ మానేయకూడదు, కాప్సూల్ మర్చిపోకూడదు. మీ అమ్మ బద్ధకించి, ఒకటి వదిలేయాల్సి వస్తే కాప్సూలే వదిలేయొచ్చని అనుకునే రకం. నువ్వు కనిపెట్టుకుని ఉండు.

మీకు తేదీ దొరకడానికి ఇన్నాళ్లు పట్టడం వెనక ఒక కథ ఉంది. ఇంగ్లండ్‌లో సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లకి డబ్బిచ్చేది స్థానిక కౌన్సిళ్లు. ఆ డబ్బు గర్భనిరోధం లెక్కలోది. హెచ్ఆర్‌టీ కోసమో, అధిక రక్తస్రావానికో వేసే కాయిల్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లెక్కలోకి పోతుంది. అదే వస్తువు, అవే చేతులు, అదే గది. అయినా కొన్ని ఊళ్లలో "హెచ్ఆర్‌టీకి అయితే మేం వేయం, జీపీ దగ్గరికి వెళ్లండి" అంటారు. జీపీ దగ్గరేమో ఒక్కోసారి కాయిల్ వేయడం వచ్చినవాళ్లుండరు. ఆడమనిషి రెండు గుమ్మాల మధ్యా తిరుగుతూ ఉంటుంది. ఇది సరికాదని నేను పనిలో ఉన్నన్నాళ్లూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మీ అమ్మ విషయంలో దారి దొరికింది. ఆవిడ కాయిల్ హెచ్ఆర్‌టీకే కాదు, గర్భనిరోధానికి కూడా. హెచ్ఆర్‌టీ గర్భాన్ని ఆపదు. యాభైలో గర్భం రావడం అరుదే కానీ అసాధ్యం కాదు కాబట్టి, ఆ అవసరం నిజమైనదే. ఆ రెండో అవసరం సంగతి జీపీ ఉత్తరంలో రాశాకే క్లినిక్ ఒప్పుకుంది. తేదీ దగ్గర పడ్డాక ఒకసారి ఫోన్ చేసి, హెచ్ఆర్‌టీకి కూడా పనికొచ్చే 52 మిల్లీగ్రాముల కాయిలే వేస్తారా అని అడుగు. మిరెనా, లెవోసర్ట్, బెనిలెక్సా, వీటిలో ఏదైనా ఫరవాలేదు. కైలీనా లాంటి చిన్నవి ఉన్నాయి. వాటిలో మందు తక్కువ, గర్భనిరోధానికి బాగానే ఉంటాయి కానీ ఈస్ట్రోజన్‌కి తోడుగా పనికిరావు.

మీ అమ్మ చెప్పలేదు కానీ నాకు తెలుసు, తనకి అసలు బెంగ ఆ బోర్డు. మీ రెడింగ్‌లో మనవాళ్లు తక్కువేం కాదు. సెక్సువల్ హెల్త్ అని రాసి ఉన్న తలుపులోంచి వెళ్తుంటే తెలుగువాళ్లెవరైనా చూస్తే ఏమనుకుంటారోనని. ఇన్నేళ్లలో మా క్లినిక్ వరండాలో తలొంచుకుని కూర్చున్న మన ఆడవాళ్లు ఎంతమందో. కొంగు ముఖం మీదికి లాక్కునేవాళ్లు, పేరు పిలిస్తే పలకనివాళ్లు. ఆ గదిలో కూర్చున్నవాళ్లు తమ ఒంటిని జాగ్రత్తగా చూసుకుంటున్నవాళ్లు. నువ్వు పక్కన తలెత్తుకుని కూర్చో, మామూలుగా కబుర్లు చెప్పు. నీ తీరు చూస్తే ఆవిడకి సగం బెంగ పోతుంది.

ఇంకో మాట. మార్పించుకునే రోజుకి ముందు ఏడు రోజులు కలయిక ఉండకూడదు, లేదా కండోమ్ తప్పనిసరి. ఇది నువ్వు మీ అమ్మకి చెప్పక్కర్లేదు, నేనే తనకి చెప్పాను. కారణం మాత్రం నీకూ తెలియాలి, రేపు నీకూ, నీ స్నేహితురాళ్లకీ పనికొస్తుంది. పాతది తీశాక ఒక్కోసారి కొత్తది ఎక్కదు. అప్పుడు కాపుదల ఏమీ లేకుండా ఇంటికెళ్లాల్సి వస్తుంది. ముందు వారంలో లోపలికి చేరిన వీర్యకణాలు ఇంకా బతికి ఉంటే గర్భం రావచ్చు. చాలామందికి ఈ సంగతి ముందే చెప్పరు. అక్కడికొచ్చాక అడుగుతారు, అప్పుడు తెల్లమొహం వేసుకుని తిరిగి రావాల్సి వస్తుంది.

ఇక నొప్పి. నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

"రెండు నిమిషాల పనే, కాస్త నెలసరి నొప్పిలా ఉంటుంది" అని ఏళ్ల తరబడి చెప్తూ వచ్చారు. చాలామందికి నిజంగా అంతే ఉంటుంది. కొందరికి మాత్రం ప్రాణం పోయినంత పనవుతుంది. ఎవరికి ఎలా ఉంటుందో బల్ల మీద పడుకునేదాకా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. 2021 జూన్‌లో బీబీసీ ప్రెజెంటర్ నాగా మంచెట్టి రేడియోలో తన అనుభవం దాపరికం లేకుండా చెప్పింది. కాయిల్ వేసేటప్పుడు తను అరిచిన అరుపు గది బయట ఉన్న భర్తకి వినిపించిందనీ, రెండుసార్లు స్పృహ తప్పిందనీ. దానితో దేశమంతా ఆడవాళ్లు నోరు విప్పారు. అదే నెలలో ఎఫ్‌ఎస్‌ఆర్‌హెచ్ కూడా ఒక ప్రకటన చేసింది: నొప్పి గురించి ముందే నిజాయితీగా మాట్లాడాలి, ఉపశమనం ఇవ్వడానికి ముందుకు రావాలి, మనిషి ఆపమంటే ఆపాలి అని. ఈ మాటలు అంతకు ముందు లేవని కాదు, నలుగురికీ వినపడేలా ఎవరూ అనలేదు.

మీ అమ్మకి నొప్పి ఎక్కువ ఉండేందుకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. నువ్వు ఆపరేషన్‌తో పుట్టావు. సహజ కాన్పు కాని వాళ్లకి గర్భాశయ ముఖద్వారం ఎప్పుడూ పూర్తిగా తెరుచుకుని ఉండకపోవచ్చు. రెండోది, ఈస్ట్రోజన్ తగ్గే వయసులో యోని పొడిబారి పల్చబడుతుంది, ముఖద్వారం బిగుసుకుంటుంది. ఒంటికి ప్యాచ్ ఉన్నా అక్కడికి చాలకపోవచ్చు. దీనికి యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజన్ మాత్రో క్రీమో ఉంటుంది. కాయిల్ తేదీకి ముందు కొన్ని వారాలు వాడితే లోపల మెత్తబడుతుంది. జీపీని ఇప్పుడే అడగండి, చివరి వారంలో అడిగితే ప్రయోజనం లేదు.

నొప్పి తగ్గించే దారులు ఉన్నాయి. ముఖద్వారం దగ్గర లిడోకెయిన్ స్ప్రే, జెల్, లేదా ఇంజక్షన్. ఇంజక్షన్ అన్ని క్లినిక్‌లలోనూ ఇవ్వరు. అందుకే ముందుగానే ఫోన్ చేసి "మీ దగ్గర లోకల్ అనస్థీషియా ఏది ఇస్తారు?" అని అడగాలి. లేదంటే ఉన్నచోటికి పంపమనాలి. కడుపులో పుండో, ఉబ్బసమో లేకపోతే గంట ముందు ఐబుప్రొఫెన్ వేసుకోవచ్చు. వేసేటప్పుడు కంటే ఆ తర్వాత వచ్చే పోట్లకి అది పనికొస్తుంది. ఖాళీ కడుపుతో వెళ్లనివ్వకు. శనివారం ఉపవాసమంటుంది, ఆ రోజు శనివారమైతే ఒప్పుకోవద్దు. ఖాళీ కడుపుతో ముఖద్వారాన్ని ముట్టుకుంటే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లని ఎంతోమందిని పట్టుకున్నాను.

మన ఆడవాళ్లకి ఒక అలవాటుంది. ఎంత బాధ ఉన్నా "పర్లేదండీ, పర్లేదు" అంటారు. బల్ల అంచు పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోతుంటాయి, నోటివెంట మాత్రం అదే మాట. పని చేస్తున్న డాక్టరు కిందివైపు చూస్తూ ఉంటుంది, ముఖం చూసేది నర్సు. నేను ముఖం చూసి ఆపించేదాన్ని. నువ్వు లోపలికి రావచ్చా అని అడుగు, సాధారణంగా ఒప్పుకుంటారు. మీ అమ్మ ఇష్టపడితేనే సుమా. లోపల ఉంటే తల దగ్గర నిలబడు. ముందే తనతో ఒప్పందం చేసుకో: చెయ్యి ఎత్తితే ఆపమని అర్థం. మీ అమ్మ ఇంగ్లిషు బాగానే మాట్లాడుతుంది, కానీ నొప్పిలో తెలుగే వస్తుంది. "అబ్బా, వద్దు" అంటే అక్కడున్నవాళ్లకి తెలియదు. ఆ మాట అందుకుని వాళ్లకి చెప్పేది నువ్వే. ఆపితే అదేం ఓటమి కాదు. ఇంకో రోజు ఆసుపత్రిలో మరింత మత్తుతో వేయించుకోవచ్చు. అది కూడా ముందే తెలిసి ఉంటే మీ అమ్మ ధైర్యంగా చెయ్యి ఎత్తగలదు.

పని జరిగే తీరు చెప్తాను, చెబితే భయం తగ్గుతుంది. స్మియర్ పరీక్షకి వాడే స్పెక్యులమే పెడతారు. ముఖద్వారం దగ్గర పాత కాయిల్ దారాలు రెండు కనిపిస్తాయి. వాటిని పట్టి లాగితే చేతులు ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది, కొన్ని సెకన్ల పని. ఒక్కోసారి దారాలు పైకి ముడుచుకుపోయి కనిపించవు. అప్పుడు సన్నని పరికరంతో వెతుకుతారు, దొరక్కపోతే స్కాన్ చేస్తారు. కాయిల్ ఎక్కడికో పోయిందని మీ అమ్మ బెంబేలు పడకుండా చూసుకో. తర్వాత ముఖద్వారాన్ని ఒక పట్టుకారుతో పట్టి నిలుపుతారు. అక్కడ ఒక చురుకు. సన్నని కడ్డీతో గర్భసంచి లోతు కొలుస్తారు. అక్కడ ఒక పోటు. సన్నని గొట్టంలోంచి కొత్త కాయిల్ లోపలికి వదులుతారు. అక్కడ ఇంకోటి. దారాలు కత్తిరిస్తారు. మొత్తం అయిదు, పది నిమిషాలు. అయ్యాక వెంటనే లేవనివ్వకు. పదిహేను నిమిషాలు పడుకోమను, నీళ్లు తాగించు, వేడినీళ్ల సంచి పొట్ట మీద పెట్టు. ఆ సాయంత్రం వంటింట్లోకి రానివ్వకు.

ప్రమాదాలు కూడా చెప్పాలి, దాచడం నాకిష్టం లేదు. గర్భసంచి గోడకి రంధ్రం పడటం వెయ్యిమందిలో ఒకరికో ఇద్దరికో. కాయిల్ దానంతటదే జారి బయటికి వచ్చేయడం ఇరవైమందిలో ఒకరికి. మొదటి మూడు వారాల్లో కొద్దిమందికి ఇన్ఫెక్షన్ వస్తుంది. జ్వరం, దుర్వాసన, మాత్రలకి లొంగని నొప్పి ఉన్నా, దారాలు తెలియకపోయినా, గట్టి ప్లాస్టిక్ వేలికి తగిలినా ఫోన్ చెయ్యాలి. మూడు నుంచి ఆరు నెలల దాకా అడపాదడపా రక్తం మరకలు కనిపించడం మామూలే, ముట్టు తిరిగొచ్చిందని అనుకోవద్దు. ఆరు నెలల తర్వాత కూడా ఆగకపోయినా, అంతా సర్దుకున్నాక మళ్లీ కొత్తగా మొదలైనా మాత్రం స్కాన్ అడగాలి. ఆ పొర సంగతి ముందే చెప్పానుగా. కొత్త కాయిల్ పడ్డాక యూట్రోజెస్టాన్ ఎప్పుడు ఆపాలో ఆ రోజే అడిగి రాసుకో. మీ అమ్మ రెండూ కలిపి నెలల తరబడి వాడుతూ కూర్చోగలదు.

కాకినాడ నుంచి మీ అత్తమ్మ "ఈ హార్మోన్లూ అవీ ఎందుకు, క్యాన్సర్ వస్తుందట, గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది కదా" అందని మీ అమ్మ చెప్పింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. ఆవిడకి తెలిసిన వైద్యం అదే. మీ అమ్మమ్మకి ముప్పై ఎనిమిదో ఏట అదే చేశారు. అధిక రక్తస్రావం అంటే మరో మందు ప్రయత్నించకుండా ఆపరేషన్. ఆ తర్వాత ఇరవై ఏళ్లు నడుము నొప్పి, ఎముకల నొప్పి అంటూనే ఉంది. అవి ఆపరేషన్ వల్లేనని నేను చెప్పలేను గానీ, వేరే దారి ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నాకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి ఎనిమిది దాటారు. దేశంలోనే మనవి ముందువరస రాష్ట్రాలు. అనవసరపు ఆపరేషన్లని అరికట్టే మార్గదర్శకాలని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మీ అమ్మకి నలభై నాలుగులో అదే రక్తస్రావం వచ్చినప్పుడు ఇక్కడ మొదట వేసింది కాయిల్. గర్భసంచి ఒంట్లోనే ఉంది, మనిషి పనికెళ్తోంది. మీ అత్తమ్మకి ఈ సంగతి నెమ్మదిగా చెప్పు. ఆవిడ కూతురికీ నలభై దగ్గర పడుతోంది.

క్యాన్సర్ భయం మాత్రం ఊరికే కొట్టిపారేయదగ్గది కాదు. 2002లో అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధన బయటికి రాగానే ప్రపంచమంతటా చాలామంది హెచ్ఆర్‌టీ మానేశారు. తర్వాత లెక్కలు వివరంగా తేలాయి. 2019లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, యాభైలో మొదలుపెట్టి రెండు హార్మోన్లూ రోజూ కలిపి అయిదేళ్లు వాడిన యాభైమందిలో ఒకరికి, అరవై తొమ్మిదేళ్లు వచ్చేలోపు, అదనంగా రొమ్ము క్యాన్సర్ రావచ్చు. ఇది చిన్నదని కొందరంటారు, పెద్దదని కొందరంటారు. మీ అమ్మ విని, ఆలోచించి, నిద్రలేని రాత్రుల్ని తూకం వేసుకుని వాడాలని నిర్ణయించుకుంది. చర్మం మీది ప్యాచ్ కాబట్టి మాత్రలకున్నట్టు రక్తం గడ్డకట్టే ముప్పు పెరగదు. ఏటా జీపీ దగ్గర ఒకసారి మళ్లీ మాట్లాడాలి, మామోగ్రామ్‌కి పిలుపు వచ్చినప్పుడు వెళ్లాలి. నిర్ణయం మీ అమ్మది. నువ్వూ నేనూ చేయాల్సింది ఆ నిర్ణయానికి కావాల్సిన నిజాలు అందించడం.

ఆ రోజు చేతిలో పెట్టే చిన్న కార్డు పారేయకండి. కాయిల్ పేరు, వేసిన తేదీ దాని మీద ఉంటాయి. మార్చాల్సిన తేదీ దగ్గర వాళ్లు అలవాటుగా ఎనిమిదేళ్లు రాసేస్తారు. పెన్ను పెట్టకముందే "ఇది హెచ్ఆర్‌టీకి కూడా, అయిదేళ్లు రాయండి" అని చెప్పు. జీపీ కంప్యూటర్లో కూడా అలాగే నమోదు చేయమను. కార్డు ఫొటో తీసి నాకొకటి పంపు, నీ ఫోన్లో ఒకటి ఉంచుకో. అయిదేళ్లకి నువ్వు ఏ ఊళ్లో ఉంటావో, మీ అమ్మకి గుర్తు చేసేది ఎవరో ఇప్పుడే చెప్పలేం కదా.

లోకల్ అనస్థీషియా సంగతి ఈ వారమే ఫోన్ చేసి కనుక్కో. ఇస్తామంటే ఏది ఇస్తారో పేరు రాసుకో. ఇవ్వమంటే వెంటనే నాకు చెప్పు. నాతో పనిచేసిన ఒకావిడ మీ వైపే ఉంది, ఎక్కడికి వెళ్లాలో అడిగి పెడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ